కార్టిసాల్ ఎలైసా కిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్టిసాల్ అంటే అడ్రినల్ గ్రంథి వదిలే ఒత్తిడి హార్మోన్. ఎలైసా అంటే యాంటీబాడీ, ఎంజైమ్‌ల సాయంతో రంగును బట్టి దాన్ని కొలిచే పద్ధతి. థీసిస్ కోసం కార్టిసాల్ కొలిచే పీజీ విద్యార్థులు, రీసెర్చ్ స్కాలర్లు, ల్యాబ్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు ప్రతి ఏడూ ఇవే సందేహాలతో వస్తుంటారు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. ప్లేట్ (96 చిన్న గుంతలున్న పలక, ఒక్కో గుంతని వెల్ అంటారు) మీద కన్నా శాంపిల్ తీసే చోటే ఎక్కువ తప్పులు జరుగుతాయన్నది మా అభిప్రాయం, కాబట్టి ఆ భాగం కాస్త పొడుగ్గా ఉంటుంది. మీ కిట్‌తో వచ్చిన ఇన్సర్ట్‌లో (వాడే పద్ధతి రాసిన కాగితం) ఇక్కడున్నదానికి తేడాగా ఏదైనా ఉంటే ఇన్సర్ట్ చెప్పినట్టే చేయండి.

## కిట్ కొనే ముందు

రంగు ఎక్కువ వస్తే హార్మోన్ తక్కువ ఉన్నట్టు అంటున్నారు. ఇదేం తిరకాసు?

కార్టిసాల్ చాలా చిన్న అణువు. అణుభారం 362 మాత్రమే. టీఎస్‌హెచ్ లాంటి పెద్ద ప్రోటీన్‌నైతే రెండు యాంటీబాడీలు చెరో వైపు నుంచి పట్టుకోగలవు. కార్టిసాల్ మీద రెండో యాంటీబాడీకి చోటు చాలదు. అందుకని ఈ కిట్లలో పోటీ పెడతారు. వెల్ అడుగున యాంటీబాడీని కొద్దిగానే అంటిస్తారు. శాంపిల్‌లో ఉన్న కార్టిసాల్, ఎంజైమ్ తగిలించిన కార్టిసాల్ రెండూ దాని కోసం ఎగబడతాయి. ఆ రెండోదాన్నే కాంజుగేట్ అంటారు. సంక్రాంతి ముందు రోజు ఆర్టీసీ బస్సులో సీట్ల వ్యవహారం లాంటిదే ఇదీ. శాంపిల్‌లో కార్టిసాల్ ఎక్కువుంటే సీట్లన్నీ అదే ఆక్రమిస్తుంది, కాంజుగేట్ బయట మిగిలి వాష్‌లో కొట్టుకుపోతుంది, రంగు తక్కువ వస్తుంది.

కాబట్టి ప్లేట్ మొత్తంలో జీరో స్టాండర్డ్ (స్టాండర్డ్ అంటే ఎంత కార్టిసాల్ ఉందో ముందే తెలిసిన ద్రావణం, జీరోలో అసలు ఉండదు) వెల్ అన్నిటికన్నా ముదురుగా ఉండాలి. అన్నిటికన్నా గాఢమైన స్టాండర్డ్ వెల్ ముదురుగా కనిపిస్తే స్టాండర్డ్‌లు తిరగేసి వేశారన్నమాట. ఇంకో మంచి సంగతి, రెండు యాంటీబాడీలు వాడే శాండ్‌విచ్ కిట్లలో భయపెట్టే హుక్ ఎఫెక్ట్ (హార్మోన్ మరీ ఎక్కువైతే అంకె తక్కువ చూపడం) ఇక్కడ ఉండదు.

సీరం కిట్ కొనాలా, లాలాజలం కిట్ కొనాలా? రెండిటికీ ఒకటే వాడొచ్చా?

రక్తంలోని కార్టిసాల్‌లో 90 శాతానికి పైగా సీబీజీ, ఆల్బుమిన్ అనే ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. స్వేచ్ఛగా తిరిగేది 5 శాతం అటూఇటూ. లాలాజలంలోకి దిగేది ఆ స్వేచ్ఛగా ఉన్న భాగమే. అందుకే లాలాజలంలో అంకెలు సీరం కంటే పదుల రెట్లు తక్కువ. సీరం కిట్ స్టాండర్డ్‌లు ఎక్కడో పైన మొదలవుతాయి, లాలాజలం శాంపిల్స్ వాటి కిందే ఉండిపోతాయి. పైగా సీరం కిట్‌లో ప్రోటీన్ల నుంచి కార్టిసాల్‌ని విడిపించే రసాయనం కలిపి ఉంటుంది, లాలాజలం కిట్‌కి దాని అవసరం లేదు. రెండిటికీ పనికొస్తుందని ఇన్సర్ట్‌లో స్పష్టంగా రాసి, రెండు రకాల స్టాండర్డ్ రేంజ్‌లు ఇస్తే తప్ప ఒకటే కిట్‌తో కానివ్వకండి.

ఎంపిక విషయానికొస్తే, ఒక్కసారి రక్తం తీసే ఆసుపత్రి పని అయితే సీరం. ఒకే మనిషి దగ్గర రోజుకు నాలుగైదు సార్లు తీయాలన్నా, పిల్లల మీద చేయాలన్నా, సూది భయమే కార్టిసాల్ పెంచుతుందన్న అనుమానం ఉన్నా లాలాజలమే మేలు.

క్రాస్ రియాక్టివిటీ పట్టికలో ఇన్ని పేర్లున్నాయి. అసలు ఏం చూడాలి?

కార్టిసాల్ కాని ఏ పదార్థాన్ని కిట్ ఎంత శాతం కార్టిసాల్‌గా పొరబడుతుందో చెప్పేదే ఆ పట్టిక. అందులో ముందుగా ప్రెడ్నిసొలోన్ అంకె చూడండి. మన దగ్గర ఎక్కువగా వాడే స్టెరాయిడ్ మందుల్లో అదొకటి, చాలా కిట్లలో గట్టిగా అడ్డుతగిలేదీ అదే. కారణం యాంటీబాడీ తయారీలోనే ఉంది. కార్టిసాల్ ఒంటరిగా వెళ్తే జంతువు శరీరం దాన్ని పట్టించుకోదు, యాంటీబాడీ పుట్టదు. అందుకని పెద్ద ప్రోటీన్‌కి అతికించి ఎక్కిస్తారు, ఎక్కువగా 3వ కార్బన్ దగ్గర. ఆ చివర ప్రోటీన్ చాటున పడిపోవడంతో యాంటీబాడీ అక్కడి తేడాలను సరిగా నేర్చుకోదు. ప్రెడ్నిసొలోన్‌కీ కార్టిసాల్‌కీ ఉన్న ఒకే ఒక్క తేడా, 1, 2 కార్బన్ల మధ్య డబుల్ బాండ్, సరిగ్గా ఆ చాటునే ఉంటుంది. డెక్సామెథసోన్‌కి ఇంకా వేరే మార్పులు కూడా ఉన్నాయి కాబట్టి చాలా కిట్లలో అది దాదాపు కనిపించదు. డెక్సామెథసోన్ సప్రెషన్ పరీక్షను (ఆ మందు ఇచ్చి కార్టిసాల్ తగ్గుతుందా అని చూసేది) ఇమ్యునోఅస్సేతో, అంటే ఎలైసా లాంటి యాంటీబాడీ పద్ధతితో, చేయగలిగేది అందుకే.

తర్వాత చూడాల్సినవి కార్టిసోన్, 11-డీఆక్సీకార్టిసాల్. లాలాజలంలో కార్టిసాల్ కన్నా కార్టిసోనే ఎక్కువ ఉంటుంది. కాబట్టి లాలాజలం కిట్‌కి ఆ అంకె ముఖ్యం. కార్టిసాల్ తయారీని తగ్గించే మెటిరపోన్ మందు వాడేవాళ్లలో 11-డీఆక్సీకార్టిసాల్ బాగా పెరుగుతుంది. మిగతా పేర్లు మీ అధ్యయనానికి సంబంధం ఉంటేనే చూడండి.

రీసెర్చ్ యూజ్ ఓన్లీ అని రాసిన కిట్ సగం ధరకే వస్తోంది. దాంతో పేషెంట్‌కి రిపోర్ట్ ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. ఆ ముద్ర ఉన్న కిట్ పరిశోధనకే. రోగ నిర్ధారణకు వాడే కిట్లు మన దేశంలో మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 కిందికి వస్తాయి. థీసిస్‌కి మాత్రం నిశ్చింతగా వాడుకోండి. అయితే అందులో వచ్చిన అంకె చూసి ఎవరికీ మందు మొదలుపెట్టకండి, మానిపించకండి.

96 వెల్స్ ఉన్నాయి కదా, 96 మందికి సరిపోతుందా?

సరిపోదు. ప్రతిదీ రెండేసి వెల్స్‌లో వేయాలి. జీరోతో కలిపి 7 స్టాండర్డ్‌లకు 14, రెండు కంట్రోల్స్‌కి (విలువ ముందే తెలిసిన తనిఖీ శాంపిల్స్) 4, బ్లాంక్‌కి (శాంపిల్ వేయని వెల్) 2 పోతే మిగిలేవి 76 వెల్స్, అంటే 38 శాంపిల్స్. ఒక్కొక్కరి దగ్గర రోజుకు 4 సార్లు లాలాజలం తీస్తే ప్లేట్‌కి 9 మందే. బడ్జెట్ రాసేటప్పుడు ఈ లెక్క వేసుకోండి, గైడ్ దగ్గర తర్వాత టెన్షన్ ఉండదు. ఒక మనిషి శాంపిల్స్ అన్నీ ఒకే ప్లేట్‌లో పడేలా చూసుకోండి. కేసులన్నీ ఒక ప్లేట్‌లో, కంట్రోల్ గ్రూప్ మొత్తం ఇంకో ప్లేట్‌లో ఎప్పుడూ వేయకండి. ప్లేట్ల మధ్య తేడాయే మీకు గ్రూపుల మధ్య తేడాలా కనిపిస్తుంది.

మా సార్ ఆర్‌ఐఏ గురించే చెబుతారు. అది ఇప్పుడు లేదా?

ఆర్‌ఐఏని, అంటే రేడియోఇమ్యునోఅస్సేని, 1950ల చివర్లో రోసలిన్ యాలో, సాలొమన్ బెర్సన్ ఇన్సులిన్ కోసం అభివృద్ధి చేశారు. 1977లో యాలోకి నోబెల్ వచ్చేనాటికి బెర్సన్ లేరు. పోటీ సూత్రం అప్పటిదే. రేడియోధార్మిక పదార్థం బదులు ఎంజైమ్ వాడే ఎలైసా పద్ధతి 1971లో వచ్చింది. ఆర్‌ఐఏ పూర్తిగా పోలేదు కానీ లైసెన్సు, వ్యర్థాల గొడవ చూసి చాలా ల్యాబ్‌లు వదిలేశాయి.

## శాంపిల్ తీసేటప్పుడు

ఉదయం 8కే తీయాలా? ఓపీ రద్దీలో 11 అయిపోతోంది.

పరీక్ష మొత్తానికి ఇదే ప్రాణం. ఉదయం 8 ప్రాంతంలో సీరం కార్టిసాల్ సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు/డెసిలీటర్ ఉంటుంది. అక్కడి నుంచి రోజంతా జారుతూ అర్ధరాత్రికి బాగా అడుగుకి పడిపోతుంది. కేసుల రక్తం ఓపీలో 11కి, ఆరోగ్యవంతులైన మీ క్లాస్‌మేట్ల రక్తం 8కి తీస్తే మీరు కొలిచింది జబ్బుని కాదు, గడియారాన్ని. స్టాటిస్టిక్స్‌తో దాన్ని సరిచేయడం కష్టం.

8 గంటలకు కుదరకపోతే అందరికీ కుదిరే ఇంకో గంట ఎంచుకుని దానికే కట్టుబడండి. అసలు టైమ్ ట్యూబ్ మీద రాయండి. ఫారంలో ముందే 8 అని అచ్చేసి ఉంటే ఎవరూ మార్చరు, ఆ గడి ఖాళీగా వదలండి. నైట్ షిఫ్ట్ చేసే నర్సులు, సెక్యూరిటీ సిబ్బంది మీ అధ్యయనంలో ఉంటే గడియారం టైమ్ పనికిరాదు. నిద్ర లేచిన టైమ్ నుంచి లెక్కపెట్టాలి.

నిద్ర లేవగానే తీసే శాంపిల్ ఎందుకంత కచ్చితంగా ఉండాలి?

నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాల్లో కార్టిసాల్ ఒక్కసారి ఎగబాకి తర్వాత దిగుతుంది. ఆ ఎగబాకడమే మీరు కొలవాలనుకుంటే కళ్లు తెరిచిన వెంటనే, మంచం మీదే మొదటి శాంపిల్ పడాలి. కాసేపు ఫోన్ చూసుకుని తీస్తే మెట్ట సగం ఎక్కేసి ఉంటుంది. పెరుగుదల తక్కువగా కనిపించి, ఇతనికి స్పందన మందగించిందని తప్పుగా రాసుకుంటారు. శాంపిల్ ఇచ్చేవాళ్లు చెప్పే టైమ్‌ని పూర్తిగా నమ్మకుండా ట్యూబ్ ఫొటో తీసి పంపమనడం మంచి అలవాటు.

ఉమ్మి ఇచ్చే ముందు టీ తాగొచ్చా? పాన్, గుట్కా అలవాటు ఉన్నవాళ్ల సంగతేంటి?

తిండి, టీ, కాఫీ, సిగరెట్ ఏవైనా కనీసం అరగంట, వీలైతే గంట ముందు ఆపాలి. నీళ్లతో పుక్కిలించి 10 నిమిషాలు ఆగాక శాంపిల్ ఇవ్వాలి. పుక్కిలించిన వెంటనే ఇస్తే నీళ్లు కలిసి పలచబడుతుంది. పళ్లు తోమకముందే ఇవ్వమనండి. చిగుళ్ల నుంచి కాస్త రక్తం కలిసినా అంకె పెరుగుతుంది, ఎందుకంటే రక్తంలో కార్టిసాల్ పదుల రెట్లు ఎక్కువ. గులాబీ రంగు కనిపిస్తే ఆ శాంపిల్ పక్కన పెట్టండి. పాన్ నమిలేవాళ్లలో ఆ ఎరుపు రక్తమో వక్కో చూసి చెప్పలేం. వాళ్లకు ముందు రోజు రాత్రి నుంచే మానమని చెప్పడం తప్ప దారి లేదు.

మనవాళ్లను ప్రత్యేకంగా అడగాల్సింది అతిమధురం గురించి. గొంతు గరగరకి ఆ ముక్క బుగ్గన పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కార్టిసాల్‌ని కార్టిసోన్‌గా మార్చే ఎంజైమ్ లాలాజల గ్రంథుల్లో ఉంటుంది, అతిమధురం దాన్ని అడ్డుకుంటుంది. లాలాజలంలో కార్టిసాల్ ఎక్కువ చూపిస్తుంది.

ఉమ్మి కోసం ల్యాబ్‌లో ఉన్న దూది వాడితే పోదా?

వద్దు. దూది కొంత ద్రవాన్నీ హార్మోన్‌నీ తనలోనే పట్టి ఉంచుతుంది, ఉమ్మి తక్కువైన కొద్దీ తేడా పెరుగుతుంది. చిన్న ట్యూబ్‌లోకి ఉమ్మి తనంతట జారనివ్వడం అన్నిటికన్నా చవక, నమ్మకం కూడా. పిల్లలకు, ముసలివాళ్లకు కార్టిసాల్ కోసమే చేసిన సింథటిక్ రోల్స్ వాడండి. ఉమ్మి ఊరాలని నిమ్మ ఉప్పు, చూయింగ్ గమ్ ఇవ్వకండి. పులుపుకి పీహెచ్ పడిపోతే యాంటీబాడీ సరిగా పట్టుకోదు.

స్టెరాయిడ్లు వాడట్లేదనే చెప్పారు, కానీ రిజల్ట్ విచిత్రంగా ఉంది. ఎందుకని?

స్టెరాయిడ్లు వాడుతున్నారా అంటే లేదనే అంటారు. ఆ మాట వాళ్లకు మందు పేరుగా తెలియదు. ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్, తామరకు, ముఖం తెల్లబడటానికి రాసే క్రీము, మోకాలికి వేయించుకున్న ఇంజెక్షన్, ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఇచ్చిన పొట్లంలో మాత్రలు, ఇలా విడివిడిగా అడగాలి. వీలైతే మందుల సంచీ తెమ్మనండి.

అంకె ఎటు మారుతుందన్నది మందుని బట్టి ఉంటుంది. ప్రెడ్నిసొలోన్‌ని కిట్ కార్టిసాల్ అనుకుంటే ఎక్కువ చూపిస్తుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ కిట్‌కి కనిపించకపోయినా శరీరంలో కార్టిసాల్ తయారీని ఆపేస్తాయి, అప్పుడు తక్కువ వస్తుంది. హైడ్రోకార్టిసోన్ క్రీము అంటే సాక్షాత్తూ కార్టిసాలే. ఆ క్రీము రాసుకున్న వేళ్లతో రోల్ ముట్టుకుంటే అంకె ఆకాశాన్నంటుతుంది.

గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్లను తీసుకోవచ్చా?

ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, గర్భం రెండూ సీబీజీ ప్రోటీన్‌ని పెంచుతాయి. దానికి అంటుకున్న కార్టిసాల్ కూడా పెరుగుతుంది కాబట్టి సీరం మొత్తం అంకె ఎక్కువ వస్తుంది, అడ్రినల్ గ్రంథికి ఏమీ కాకపోయినా. సీరంతో చేస్తుంటే వాళ్లను మినహాయించండి, లేదా వేరే గ్రూపుగా చూపండి. లాలాజలంలో స్వేచ్ఛగా ఉన్న కార్టిసాలే ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ టాబ్లెట్ కూడా అడ్డొస్తుందా?

కిట్ నిర్మాణాన్ని బట్టి. స్ట్రెప్టావిడిన్-బయోటిన్ జోడీ మీద నడిచే పద్ధతి అయితే అడ్డొస్తుంది. టాబ్లెట్‌లోని బయోటిన్ ఆ చోట్లు ఆక్రమించేస్తుంది, సిగ్నల్ పడిపోతుంది, పోటీ పద్ధతిలో సిగ్నల్ తగ్గితే కార్టిసాల్ ఎక్కువగా చదువుతుంది. బయోటిన్ కొన్ని ల్యాబ్ పరీక్షలకు అడ్డొస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లో హెచ్చరిక ఇచ్చింది. యాంటీబాడీ నేరుగా వెల్‌కి అంటించి, ఎంజైమ్ నేరుగా కార్టిసాల్‌కి తగిలించిన కిట్‌లో ఈ బెడద లేదు. జుట్టు, గోళ్ల టాబ్లెట్లలో 5, 10 మిల్లీగ్రాములు ఉండటం మామూలే, కాబట్టి రెండు రోజుల ముందు ఆపమనండి.

శాంపిల్స్ ఎన్ని రోజులు దాచొచ్చు?

కార్టిసాల్ మొండి అణువు, తొందరగా పాడవదు. సీరం వేరుచేసి, చిన్న వాటాలుగా పంచి మైనస్ 20లో పెడితే థీసిస్ కాలానికి సరిపోతుంది. ఏళ్ల తరబడి అయితే మైనస్ 80. లాలాజలాన్ని ఒకసారి గడ్డకట్టించడం నిజానికి మంచిదే. జిగురు పదార్థం విడిపోతుంది, కరిగాక సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేట మాత్రమే తీసుకోవచ్చు. ఆ జిగురుతో పిపెట్ చేస్తే వాల్యూమ్ ఎప్పుడూ సరిగా రాదు.

## ప్లేట్ వేసే రోజు

రూమ్ టెంపరేచర్ అంటే మా రూమ్ టెంపరేచరేనా?

కిట్ రాసినవాళ్ల దృష్టిలో అది 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని ల్యాబ్ అంటే 35 దాటుతుంది. ఆ వేడికి రంగు తొందరగా ముదురుతుంది, అంచు వెల్స్ నడిమి వెల్స్ కంటే ముందు వేడెక్కి వేరుగా చదువుతాయి. ఏసీ గదిలో చేయండి, ప్లేట్‌ని సీల్ చేయండి, ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెట్టకండి. ఫ్రిజ్ నుంచి తీసిన రీఏజెంట్లన్నీ అరగంటైనా బయట ఉంచాకే మొదలుపెట్టండి. తొందర కోసం వేడినీళ్లలో పెట్టొద్దు.

మొదటి వెల్‌కీ చివరి వెల్‌కీ మధ్య ఎంత టైమ్ పట్టొచ్చు?

పోటీ మొదలయ్యేది శాంపిల్, కాంజుగేట్ రెండూ కలిసిన క్షణంలో. శాంపిల్స్ అన్నీ 10 నిమిషాల్లో వేసి, కాంజుగేట్‌ని మల్టీచానెల్ పిపెట్‌తో ఒక్క ఊపున వేయండి. ఒంటి పిపెట్‌తో 96 వెల్స్ వేయాల్సివస్తే సగం ప్లేటే వేయడం మంచిది. సబ్‌స్ట్రేట్ (రంగు తెప్పించే ద్రావణం), స్టాప్ (ఆ చర్యని ఆపే ద్రావణం) రెండూ ఒకే వరుసలో, ఒకే వేగంతో పడాలి.

వాష్ ఎంత గట్టిగా చేయాలి?

వెల్ నిండా, 300 మైక్రోలీటర్ల పైన బఫర్ పోసి ఇన్సర్ట్ చెప్పినన్ని సార్లు. చివర్లో టిష్యూ మీద బోర్లించి కొట్టి తడి పోగొట్టండి, అలాగని ఎండబెట్టకండి. వాష్ బఫర్‌లో బూజు రాకుండా సోడియం ఎజైడ్ కలిపే అలవాటు కొన్ని ల్యాబ్‌లలో ఉంది. కాంజుగేట్‌లో ఉండే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ని అది చంపేస్తుంది. ప్లేట్ మొత్తం తెల్లగా వస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.

టీఎంబీ సీసాలోనే నీలంగా ఉంది. వాడొచ్చా?

వద్దు, అందులో కాంజుగేట్ కలిసిపోయి ఉండొచ్చు. రంగు తెప్పించే సబ్‌స్ట్రేటే టీఎంబీ, అది ముందు రంగు లేకుండా ఉండాలి. సీసాలో పిపెట్ ముంచకుండా కావాల్సినంత వేరే పాత్రలోకి వంపుకుని, ఆ పాత్రలో మిగిలింది పారబోయండి. వెల్‌లో నీలం వచ్చాక స్టాప్ ద్రావణం పడితే పసుపు అవుతుంది, దాన్ని 450 నానోమీటర్ల దగ్గర 10, 15 నిమిషాల్లోపు చదవాలి. స్టాప్ ద్రావణం సల్ఫ్యూరిక్ యాసిడ్, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

## అంకెలు వచ్చాక

ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది. కర్వ్ బాగున్నట్టే కదా?

స్టాండర్డ్ బిందువులకు కర్వ్ ఎంత సరిపోయిందో చెప్పే ఈ అంకె చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది. నాలుగు పారామీటర్ల కర్వ్‌కి ఏడు బిందువులిస్తే చెత్త ప్లేట్‌లో కూడా అలాంటి అంకె వస్తుంది. ప్రతి స్టాండర్డ్ ఓడీని (రీడర్ చూపే రంగు తీవ్రత) అదే కర్వ్‌లో వెనక్కి చదివించండి. అసలు గాఢతకు 15, 20 శాతం లోపలే ఉందా చూడండి, ముఖ్యంగా కింది స్టాండర్డ్‌లలో. ఆ తర్వాత కిట్ కంట్రోల్స్ వాటి పరిధిలో పడ్డాయా చూడండి. కంట్రోల్ బయటపడితే ఆర్ స్క్వేర్ ఎంతున్నా ఆ ప్లేట్ లెక్కలోకి రాదు. ఎక్సెల్‌లో సరళరేఖ గీసి లాగించేయడం అసలు వద్దు, ఇది ఎస్ ఆకారపు కర్వ్.

డూప్లికేట్ ఓడీలు దగ్గరగానే ఉన్నాయి, గాఢతలు మాత్రం దూరంగా వస్తున్నాయి. ఎలా?

ఎస్ ఆకారపు కర్వ్ మధ్యలో నిటారుగా, రెండు చివర్లా చదునుగా ఉంటుంది. చదునైన చోట ఓడీలో చిన్న తేడా గాఢతలో పెద్ద తేడా అవుతుంది. అందుకే సీవీని (రీడింగులు ఎంత చెదిరాయో చెప్పే శాతం) ఓడీ మీద కాకుండా గాఢత మీద లెక్కించండి, 10 శాతం దాటితే ఆ శాంపిల్ మళ్లీ వేయండి. జీరో స్టాండర్డ్ ఓడీలో 80 శాతానికీ 20 శాతానికీ మధ్య పడినవి నమ్మదగినవి. బయట పడిన వాటిని జాగ్రత్తగా చూడాలి.

పై స్టాండర్డ్ దాటిన శాంపిల్‌ని నీళ్లతో డైల్యూట్ చేయొచ్చా?

నీళ్లు వద్దు, ఇన్సర్ట్‌లో చెప్పిన డైల్యూయెంట్ లేదా జీరో స్టాండర్డ్ వాడండి. ఒకే శాంపిల్‌ని 2 రెట్లు, 4 రెట్లు పలచన చేసి వెనక్కి గుణిస్తే దాదాపు ఒకే అంకె రావాలి. రాకపోతే శాంపిల్‌లో ఇంకేదో అడ్డుపడుతోంది.

అదే రక్తానికి ఆసుపత్రి మెషిన్ ఒక అంకె, మా కిట్ ఇంకో అంకె. ఏది నిజం?

ముందు యూనిట్లు చూడండి, సగం తగాదాలు అక్కడే తీరతాయి. 1 మైక్రోగ్రామ్/డెసిలీటర్ అంటే 10 నానోగ్రాములు/మిల్లీలీటర్, అంటే 27.6 నానోమోల్/లీటర్.

యూనిట్లు సరిపోయినా తేడా ఉంటే ఆశ్చర్యం లేదు. రెండిటి యాంటీబాడీలు వేరు, ప్రోటీన్ నుంచి విడిపించే తీరు వేరు. అణువుల భారాన్ని బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో పోలిస్తే ఇమ్యునోఅస్సేలు చాలాసార్లు ఎక్కువే చదువుతాయి, కార్టిసాల్ బంధువులను కూడా కొంత లెక్కేస్తాయి కాబట్టి. అడ్రినల్‌ని ప్రేరేపించే ఏసీటీహెచ్ హార్మోన్ ఇచ్చి చేసే పరీక్షలో పాత కిట్లతో 18 మైక్రోగ్రాములు/డెసిలీటర్ అని పెట్టుకున్న గీతను, కొత్త యాంటీబాడీలు, మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చాక 14, 15 దగ్గరికి దించాల్సి వచ్చింది. పాఠ్యపుస్తకంలోని కటాఫ్‌ని మీ కిట్‌కి గుడ్డిగా అంటించకండి. గ్రూపుల మధ్య తేడా చూసే థీసిస్‌కి ఒకే కిట్, ఒకే పద్ధతి ఉంటే చాలు.

సగం శాంపిల్స్ అయ్యాక కొత్త లాట్ కిట్ వచ్చింది. ఏం చేయాలి?

పాత లాట్‌లో (లాట్ అంటే ఒకే విడతలో తయారైన కిట్ల బ్యాచ్) చేసిన శాంపిల్స్‌లో కింద, మధ్య, పైన పడినవి కొన్ని ఎంచి కొత్త ప్లేట్‌లో మళ్లీ వేయండి. తేడా మీ మామూలు ఇంటర్-అస్సే (ప్లేట్ల మధ్య) సీవీ లోపలే ఉంటే ముందుకెళ్లండి. అన్నీ ఒకే వైపు జరిగితే ఆ మాట థీసిస్‌లో రాసి, లాట్‌ని విశ్లేషణలో ఒక అంశంగా పెట్టండి. పాత కిట్ స్ట్రిప్పులు మిగిలాయని కొత్త కిట్ కాంజుగేట్‌తో కలిపి వాడకండి. సాధ్యమైతే కంపెనీవాళ్లకు ఆర్డర్ ఇచ్చేటప్పుడే మీకు కావాల్సిన ప్లేట్లన్నీ ఒకే లాట్ నుంచి పంపమని ఆర్డర్ కాగితం మీదే రాయించండి.